ఎంత కాచాలి? ఎంత చూపాలి? ఎంత కదపాలి?

ఒక మామూలు ఉదయం మీ ఇల్లు ఎలా వుంటుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వంటింట్లో పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. పొంగు రాగానే అమ్మ మంట తగ్గించింది. వసారాలో అన్నయ్య నిన్న రాత్రి పెళ్ళి ఊరేగింపులో సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలు చూసుకుంటున్నాడు. చీకట్లో తీసినవి కావటాన మసకమసకగా వున్నాయి. వేలితో ఏదో జరిపి వాటి వెలుగు పెంచుతున్నాడు. పెరటి గుమ్మం దగ్గర అరవై దగ్గరపడ్డ బామ్మ ముడి వేసుకోబోయి "అబ్బా!" అన్నది. కుడిచెయ్యి వెనక్కి పోవడం లేదు. మూడు నెలలుగా ఇదే బాధ.

ఈ మూడింటికీ సంబంధం ఏమిటని అడుగుతారేమో. పైకి చూస్తే ఏమీ లేదు. కాని ముగ్గురి ముందూ వున్న ప్రశ్న ఒక్కటే: ఎంత? పాలు ఎంత కాస్తే అందులోని సూక్ష్మజీవులు చస్తాయి, ఎంత దాటితే రుచీ సారమూ పోతాయి? ఫొటోకు ఎంత మెరుగు పెడితే ముఖం తెలుస్తుంది, ఎంత దాటితే అది ఇంకెవరి ముఖమో అవుతుంది? బామ్మ చేతిని ఎంత కదిపితే పట్టు వదులుతుంది? ఆహారాన్ని శుద్ధిచేసి నిలవ వుంచే పరిశ్రమలోనూ, చిత్రాలను మెరుగుపరిచే విద్యలోనూ, భుజం వైద్యంలోనూ ఇటీవల జరిగిన పరిశోధనలు చాలావరకు ఈ రెండక్షరాల మాట చుట్టూనే తిరుగుతున్నాయి. మనం కూడా ఆ మాటనే పట్టుకుని పొయ్యి దగ్గరనుంచి బయలుదేరుదాం.

పదోవంతు సూక్ష్మజీవి

పాలను 63 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 30 నిమిషాలు వుంచితే రోగకారక సూక్ష్మజీవులు నశిస్తాయి. 72 డిగ్రీలకు తీసుకువెళితే 15 సెకన్లు చాలు. డెయిరీలలో చేసే పాశ్చరీకరణం ఇదే. తొమ్మిది డిగ్రీలు పెరిగేసరికి అర్ధగంట పని పావు నిమిషంలో అయిపోయింది, చూశారా? వేడి కొద్దిగా పెరిగినా సూక్ష్మజీవులు చచ్చే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రుచినీ విటమినులనూ పాడుచేసే మార్పుల వేగం అంతగా పెరగదు. అందుకే "ఎక్కువ వేడి, తక్కువ సేపు" అన్నది ఈ పరిశ్రమకు గొప్ప సూత్రమయింది.

అయితే "నశిస్తాయి" అన్న మాటలో ఒక చిక్కు వుంది. ఒకానొక వేడి దగ్గర నిమిషానికి పదింటిలో తొమ్మిది సూక్ష్మజీవులు చస్తాయనుకోండి. సీసాలో మొదట వెయ్యి వున్నాయి. ఒక నిమిషం గడిస్తే వంద మిగులుతాయి. రెండో నిమిషానికి పది, మూడో నిమిషానికి ఒకటి. మరి నాలుగో నిమిషానికి? పదోవంతు! పదోవంతు సూక్ష్మజీవి ఎక్కడైనా వుంటుందా? వుండదు. అలాంటి సీసాలు పది తీసుకుంటే వాటిలో ఒక దానిలో ఒకటి మిగిలి వుండవచ్చునని దాని అర్థం. ఐదో నిమిషానికి వంద సీసాలలో ఒకటి. ఇలా ఎంతసేపు కాచినా లెక్క సున్నకు దగ్గరవుతూనే వుంటుంది తప్ప సున్న కాదు. కాబట్టి ఎక్కడో ఒకచోట "ఇక చాలు" అని మనిషే నిర్ణయించాలి.

డబ్బాలలో మూసి వుంచే ఆహారం విషయంలో ఆ నిర్ణయం చాలా కట్టుదిట్టంగా జరిగింది. క్లాస్ట్రిడియం బాట్యులినం అనే బాక్టీరియా వుంది. దానికి గాలి పడదు. మూసిన డబ్బా దానికి పుట్టిల్లు వంటిది. అది తయారుచేసే విషం మనకు తెలిసిన అతి భయంకరమైన విషాలలో ఒకటి. కష్టకాలంలో అది గట్టి సిద్ధబీజంగా మారి, నీళ్ళు మరిగే వేడిని కూడా తట్టుకుంటుంది. అందువల్ల పులుపు లేని ఆహారాన్ని డబ్బాలో పెట్టేటప్పుడు 121 డిగ్రీల దగ్గర సుమారు మూడు నిమిషాలకు తగ్గకుండా, అదీ డబ్బా నట్టనడుమ వరకు చేరేటట్లు, వేడిచేస్తారు. ఇంతకీ దీని లెక్క ఏమిటంటే, లక్షకోట్ల సిద్ధబీజాలుంటే వాటిలో ఒక్కటి మిగలవచ్చునన్నంతవరకు. ప్రెషర్ కుక్కర్ లోపల ఇంచుమించు ఇంతటి వేడి వుంటుంది.

మన చిత్తూరు వైపు తోతాపురి మామిడి గుజ్జు తీసి డబ్బాలలో నింపి ఎగుమతి చేసే కర్మాగారాలున్నాయి. అక్కడ ఇంత వేడి అక్కర్లేదు. మామిడి పుల్లన. పులుపు తగినంత వుంటే ఆ సిద్ధబీజాలు మొలకెత్తలేవు. మన ఊరగాయలు ఏడాది పాటు నిలవ వుండటంలో చింతపండు, నిమ్మ, మామిడి పులుపులకూ ఉప్పుకూ వున్న పాత్ర ఏమిటో దీన్నిబట్టి మీరే ఊహించండి.

వేడి లేని వంట

మరి అసలు వేడే లేకుండా సూక్ష్మజీవులను చంపలేమా? ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికాలో పశ్చిమ వర్జీనియాలో బెర్ట్ హైట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1899లోనే పాలను విపరీతమైన పీడనానికి గురిచేసి, అవి ఎక్కువ కాలం విరగకుండా వుంటాయని ప్రకటించాడు. కాని అంత పీడనాన్ని రోజంతా భరించే యంత్రాలు అప్పుడు లేవు. తొంభై ఏళ్ళకు, 1990లో, జపానులో ఈ పద్ధతితో చేసిన పళ్ళ జామ్ బజారుకు వచ్చింది. ఇప్పుడు అనేక దేశాలలో పళ్ళరసాలు, పచ్చళ్ళ వంటి ముద్దలు, మాంసం ముక్కలు ఇలా శుద్ధి అవుతున్నాయి.

ఎంత పీడనం? వాతావరణ పీడనానికి సుమారు 6,000 రెట్లు! సముద్రంలో అన్నిటికంటె లోతైన మరియానా అగాధం అడుగున వుండేది 1,100 రెట్లకు దగ్గర. గోరంత చోటు మీద ఒక పెద్ద ఏనుగు బరువును మించిన భారం పడితే ఎలా వుంటుందో అలాంటిది. అంత బరువు కింద ద్రాక్షపండు పచ్చడైపోదా అని మీ అనుమానం. కాదు. నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యండి. ప్లాస్టిక్ సీసా నిండా, గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపి, ఒక ద్రాక్షపండు వేసి మూత బిగించండి. ఇప్పుడు సీసాను రెండు చేతులతో ఎంత గట్టిగా నొక్కగలరో నొక్కండి. పండు చెక్కుచెదరదు. ఎందుకంటే పీడనం అన్నివైపుల నుంచీ సమానంగా పడింది. ఒకవైపు నుంచే నొక్కితే నలుగుతుంది, అంతే.

అయితే సూక్ష్మజీవి ఎందుకు చచ్చింది? దాని మాంసకృత్తులు మెలికలు తిరిగి ఒక ప్రత్యేకమైన ఆకారంలో వుంటాయి. ఆ ఆకారాన్ని నిలబెట్టే బంధాలు బలహీనమైనవి, పీడనానికి చెదిరిపోతాయి. కణాన్ని చుట్టి వున్న పొర కూడా దెబ్బతింటుంది. విటమినుల అణువులు, వాసన ఇచ్చే అణువులు చిన్నవి. వాటిని కట్టివుంచే బంధాలు గట్టివి. ఈ పీడనం వాటిని కదిలించలేదు. అందుకే రసం పచ్చిపండు రుచితోనే వుంటుంది.

ఇంత చేసినా ఆ గడుసు సిద్ధబీజాలు మాత్రం 6,000 రెట్ల పీడనాన్ని కూడా తట్టుకుని కూర్చుంటాయి! అందువల్ల ఈ సీసాలను చల్లగా వుంచక తప్పదు. లేదా లోపలి పదార్థం పుల్లనిదై వుండాలి. పరిశోధకులు ఇప్పుడు పీడనాన్నీ కొంత వేడినీ కలిపి, రెండింటినీ ఎంతెంత పాళ్ళలో వాడాలో చూస్తున్నారు. (ఇది చదివి ఇంట్లో పచ్చిపాలు తాగడం మొదలుపెట్టకండి. అమ్మ కాస్తున్నది సరైన పనే.)

అంకెల బొమ్మ

ఇక వసారాలోకి వద్దాం. అన్నయ్య ఫొటోను భూతద్దంతో చూసినట్లు పెంచుకుంటూ పోతే చివరకు చిన్నచిన్న చదరాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఒక పిక్సెల్. రంగులను పక్కన పెడితే, కంప్యూటర్‌కు ఒక్కొక్క చదరమూ ఒక అంకె: కటికచీకటి అయితే 0, తెల్లని తెలుపు అయితే 255. అంటే ఫొటో అంటే గడుల కాగితం మీద రాసిన అంకెల పట్టిక. అంకెలైనప్పుడు వాటిని కూడవచ్చు, హెచ్చవేయవచ్చు. 1964 జులై 31న రేంజర్-7 అనే అమెరికా నౌక చంద్రుడి మీద కూలిపోయే ముందు 4,308 ఫొటోలు పంపింది. వాటిలోని వంకరలను శాస్త్రజ్ఞులు కంప్యూటర్‌తో సరిదిద్దారు. ఈ విద్యకు అదొక తొలి మెట్టు.

చీకటి ఫొటోలో అంకెలన్నీ 40కీ 90కీ నడుమ ఇరుక్కుని వున్నాయనుకోండి. ప్రతి అంకెలోనుంచి 40 తీసివేసి, మిగిలినదాన్ని 255తో హెచ్చవేసి 50తో భాగించండి. ఇప్పుడు 40 ఉన్నచోట 0, 90 ఉన్నచోట 255 వస్తాయి. పక్కపక్కనే వున్న 60, 62 అనే రెండు చదరాల మధ్య తేడా 2 నుంచి సుమారు 10కి పెరుగుతుంది. కంటికి ఆనని తేడా ఇప్పుడు ఆనుతుంది. మసకలోనుంచి పెళ్ళికొడుకు తలపాగా అంచు బయటపడింది!

కాని ఆ 2 తేడా నిజంగా తలపాగా వల్ల వచ్చిందేనా? చీకట్లో కెమెరాకు అందే కాంతి తక్కువ. అందువల్ల అంకెలు వాటంతట అవే అటూ ఇటూ వూగుతాయి. దాన్ని "నాయిస్" అంటారు. మన హెచ్చవేత తలపాగాతో పాటు దాన్ని కూడా అయిదు రెట్లు పెంచింది. దీనికి ఒక ఉపాయం వుంది. ఒక వరసలో 102, 104, 250, 103, 105 వున్నాయి. నడుమనున్న 250 ఎక్కడో పొరపాటుగా వచ్చినట్లుంది. అయిదింటి సగటు కడితే 132.8 వస్తుంది, ఒక్క తప్పుడు అంకె సగటునంతటినీ పాడుచేసింది. అలా కాక అయిదింటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి నడిమి అంకె తీసుకోండి. 104. ఎంత చక్కగా కుదిరిందో! ఆ 250ని చెరిపి 104 రాస్తే మచ్చ మాయమవుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అది పెళ్ళి ఫొటో కాక రాత్రి ఆకాశం ఫొటో అయితే? ఆ 250 ఒక నక్షత్రమైతే? లేదా అది ఒకరి ఎముక ఫొటో, ఆ చుక్క సన్నని బీట అయితే? మన ఉపాయం దాన్ని కూడా శుభ్రంగా చెరిపేసింది.

ఈ మధ్య ఈ పని కృత్రిమమేధ చేతికి వచ్చింది. లక్షల కొద్దీ చిత్రాలు చూపించి కంప్యూటర్‌కు "ముఖం అంటే ఇలా వుంటుంది, మోకాలు అంటే ఇలా వుంటుంది" అని నేర్పుతారు. దీనివల్ల మేలు తక్కువేమీ కాదు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో రోగి గొట్టం వంటి యంత్రంలో చాలాసేపు కదలకుండా పడుకోవాలి. న్యూయార్క్ విశ్వవిద్యాలయం డాక్టర్లు, ఫేస్‌బుక్ సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి, యంత్రం సేకరించే సమాచారంలో నాలుగోవంతుతోనే మోకాలి చిత్రాన్ని పూర్తిచేయించారు. 108 మంది మోకాళ్ళ చిత్రాలను ఆరుగురు నిపుణులు పరీక్షించి చూశారు. మామూలు చిత్రాలకు బదులు వీటిని వాడవచ్చునని 2020లో తేలింది.

అదే 2020లో ఇంకొకటి జరిగింది. మసక ముఖాలను స్పష్టం చేసే ఒక ప్రోగ్రాం అమెరికాలో తయారయింది. అడ్డంగా 16, నిలువుగా 16 చదరాలు మాత్రమే వున్న బొమ్మనుంచి అది నిగనిగలాడే ముఖం తీసేది. ఎవరో దానికి అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ ఒబామా ఫొటోను మసకచేసి ఇచ్చారు. స్పష్టమైన ముఖం వచ్చింది. కాని అది ఒక తెల్లజాతి మనిషి ముఖం! ప్రోగ్రాం అబద్ధమాడలేదు. పోయిన వివరాలు ఎవరికీ తిరిగి రావు. అది నేర్చుకున్న ముఖాలలోనుంచి ఆ మసకకు సరిపోయే ముఖం ఒకటి తెచ్చి పెట్టింది, అంతే. మెదడు చిత్రాలతో అదే ఏడు జరిగిన ఒక పోటీలో కూడా కొన్ని పద్ధతులు లేని వివరాలను కల్పించినట్లు డాక్టర్లు పసికట్టారు. పెళ్ళి ఫొటోలో అయితే నవ్వుకుని వూరుకుంటాం. భుజంలో నరం వంటి కండబంధనం చిరిగిందా లేదా అని డాక్టరు చూస్తున్న చిత్రంలో ఇలా జరిగితే అవసరం లేని కోత పడవచ్చు, అవసరమైనది తప్పిపోవచ్చు. నా మట్టుకు నాకు, మరీ నిగనిగలాడే వైద్యచిత్రం కన్నా కాస్త గరుకుగా వున్నదే నమ్మకంగా అనిపిస్తుంది.

గరిటె మీద నిమ్మకాయ

భుజం అన్నాం కనుక బామ్మ దగ్గరకు పోదాం. స్కూలు ఆటల పోటీలలో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరుగెత్తి వుంటారు. మన భుజం కీలు ఇంచుమించు అలాంటిదే. చేతి ఎముక తల నిమ్మకాయ. రెక్క ఎముకలోని గుంట చెంచా. గుంట లోతు తక్కువ కనుకనే చెయ్యి ముందుకూ వెనక్కూ పైకీ గుండ్రంగానూ తిరుగుతుంది. శరీరంలో మరే కీలూ ఇంతగా తిరగదు. మరి నిమ్మకాయ జారి పడకుండా? నాలుగు కండరాలు దాని చుట్టూ చెయ్యి వేసి గుంటలోకి అదిమి పట్టుకుంటాయి. కీలు మొత్తాన్ని ఒక పలుచని సంచి కప్పి వుంటుంది.

మీ స్నేహితుడి రెక్క ఎముక మీద అరచెయ్యి వేసి, అతన్ని చెయ్యి పక్కనుంచి నిటారుగా పైకెత్తమనండి. మొదట్లో రెక్క ఎముక అంతగా కదలదు. తరవాత అది కూడా తిరగడం మీ చేతికి తెలుస్తుంది. మొత్తం 180 డిగ్రీలలో దాదాపు 120 కీలు వల్ల, 60 రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి.

బామ్మ విషయంలో ఆ సంచి వాచి, దళసరై, ముడుచుకుపోయింది. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళ వయసులో, మధుమేహం వున్నవారికి మరీ ఎక్కువగా వస్తుంది. దీనికి "గడ్డకట్టిన భుజం" అని అర్థమిచ్చే పేరును 1934లో పెట్టినవాడు బోస్టన్ నగరపు డాక్టరు ఎర్నెస్ట్ కాడ్మన్. ఈయన కథ మీకు చెప్పి తీరాలి.

కాడ్మన్ ఎక్స్‌రేలు కొత్తగా వచ్చిన రోజుల్లోనే వాటితో పనిచేసినవాడు. ఆయనకు ఒకే పట్టుదల. ప్రతి రోగికీ ఒక కార్డు రాయాలి, ఏడాది తరవాత ఆ మనిషిని మళ్ళీ పిలిచి "ఎలా వున్నారు?" అని చూడాలి, బాగుపడకపోతే ఎందుకో రాయాలి. ఇంతేకదా అంటారా? ఆనాటి పెద్ద డాక్టర్లకు ఇది కంటగింపయింది. ఆయన 1914లో పెద్దాసుపత్రి ఉద్యోగం వదులుకున్నాడు. 1915లో ఒక సభలో, ఇసుకలో తల దూర్చుకున్న ఉష్ట్రపక్షి బంగారు గుడ్లు పెడుతుంటే డాక్టర్లు ఏరుకుంటున్నట్లు వ్యంగ్యచిత్రం ప్రదర్శించి పెద్ద గొడవ తెచ్చుకున్నాడు. తన సొంత చిన్న ఆసుపత్రిలో 1911 నుంచి 1916 దాకా చూసిన 337 మంది ఫలితాలు అచ్చువేశాడు. అందులో 123 పొరపాట్లను తానే ఎత్తి చూపాడు! మీ పరీక్ష పేపర్లలో తప్పులను మీరే లెక్కపెట్టి గోడకు అంటించినట్లు.

ఏడాది తరవాత ఏమైంది?

కాడ్మన్ అడిగిన ప్రశ్ననే ఇప్పుడు బ్రిటన్‌లో వందల మంది రోగులతో అడుగుతున్నారు. పద్ధతి ఇది. రోగుల ఒప్పుదలతో, చీట్లు తీసినట్లుగా కంప్యూటర్ ఒక్కొక్కరిని ఒక్కొక్క చికిత్సకు పంపుతుంది. డాక్టరు ఇష్టానికీ రోగి ఇష్టానికీ అక్కడ తావు లేదు. ఏడాదికి అందరి భుజాలనూ ఒకే కొలబద్దతో కొలుస్తారు. గడ్డకట్టిన భుజం మీద 503 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కొందరికి మత్తు ఇచ్చి చేతిని బలంగా తిప్పి పట్టు విడిపించారు. కొందరికి సన్నని దుర్భిణితో లోపల చూస్తూ సంచిని కోసి వదులుచేశారు. మిగిలినవారికి కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షను ఇచ్చి వ్యాయామం నేర్పారు. ఏడాది గడిచేసరికి మూడు గుంపులవారూ చాలావరకు కోలుకున్నారు. ఏ ఒక్క పద్ధతీ స్పష్టంగా మిగతావాటిని మించలేదు. తీవ్రమైన ఇబ్బందులు మాత్రం సంచి కోయించుకున్నవారిలో ఎక్కువ కనిపించాయి.

ఇంకొక పరీక్ష మరీ ఆశ్చర్యకరమైనది. పై ఎముక రాసుకుంటున్నదని దాన్ని చెక్కే ఆపరేషను ఒకటి వేలమందికి చేసేవారు. ఆ నొప్పి వున్న 313 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి ఎముక చెక్కారు. కొందరికి దుర్భిణి పెట్టి చూసి, ఏమీ చెక్కకుండా కుట్లు వేశారు. కొందరికి ఏ చికిత్సా చేయలేదు. చెక్కినవారికీ ఊరికే చూసి కుట్టినవారికీ తేడా లేదు! చికిత్స లేనివారికంటె ఈ ఇద్దరూ కొద్దిగా మెరుగే కాని, చెప్పుకోదగ్గంత కాదని 2018లో అచ్చయిన ఆ నివేదిక చెప్పింది.

వ్యాయామం ఎంత అన్న ప్రశ్నకు 2021లో ఒక జవాబు దొరికింది. కీలును పట్టివుంచే ఆ నాలుగు కండరాల నొప్పి వున్న 708 మందిలో కొందరిని ఫిజియోథెరపిస్టు ఆరుసార్ల దాకా పిలిచి వ్యాయామం పెంచుతూ పోయాడు. కొందరికి ఒక్కసారే చక్కగా విడమరచి చెప్పి, ఇంట్లో చేసుకోవలసిన వ్యాయామాలు చూపించి పంపాడు. ఏడాది తరవాత ఇద్దరి నొప్పీ, ఇద్దరి పనిచేసే శక్తీ ఒకేలా వున్నాయి. వ్యాయామం దండగ అని తేలిందని పొరబడకండి. రెండు గుంపులవారూ వ్యాయామం చేసినవారే. తేలినదల్లా, ఆసుపత్రి చుట్టూ ఆరుసార్లు తిరిగే బస్సు చార్జీలు చాలామందికి మిగుల్చుకోవచ్చునని.

బామ్మ నొప్పి గడ్డకట్టిన భుజమో, చిరిగిన కండబంధనమో, మరొకటో చూసి చెప్పవలసింది డాక్టరే. ఆయన వ్యాయామం చెప్పి పంపితే మీకు ఒక పని వుంది. బామ్మను గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్ళతో గోడ మీద నొప్పి ఓర్చుకోగలిగినంత ఎత్తుకు పాకించమనండి. అక్కడ పెన్సిలుతో చిన్న గీత గీసి పక్కన తారీఖు వేయండి. వచ్చే ఆదివారం మళ్ళీ అక్కడే నిలబెట్టండి. గీత కిందికి దిగినా సరే, ఉన్నదున్నట్లు గీయండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ కొలతలన్నీ కాగితం మీద ఎక్కించుకుని వెళ్ళండి.